ఐర్లండ్ పూర్వీకులు: భూమి పట్టికలు, చర్చి రిజిస్టర్లు చదివే పద్ధతి

1821 నుంచి 1851 వరకు ఐర్లండ్‌లో జరిగిన జనగణన పత్రాల్లో అత్యధిక భాగం 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ న్యాయస్థాన భవనాల మంటల్లో కాలిపోగా, ఆ తర్వాతి నాలుగు జనగణనల పత్రాలను ప్రభుత్వమే నాశనం చేయించింది. అందువల్ల పూర్తిగా మిగిలిన వాటిలో మొదటిది 1901 నాటిది. అంతకు ముందు తరాలకు భూమి పట్టికలు, చర్చి రిజిస్టర్లే ప్రధాన ఆధారం.

వెతుకులాటను ఇంటిపేరుతో కాక ఊరితో మొదలుపెట్టడం మేలు. అక్కడి భూమి లెక్కల్లో అతి చిన్న విభాగమైన టౌన్‌ల్యాండ్‌లు 60,000కు పైగా ఉన్నాయి. ఒకే పేరు పలు కౌంటీలలో కనిపిస్తుంది. 1901 లేదా 1911 జనగణనలో కుటుంబం దొరికితే టౌన్‌ల్యాండ్ పేరు అందులోనే ఉంటుంది.

ఆ పేరు తెలిశాక, పన్ను కోసం భూములకు, ఇళ్లకు విలువ కట్టి 1847–1864 మధ్య అచ్చువేసిన గ్రిఫిత్స్ వాల్యుయేషన్‌ను తెరవాలి. ప్రతి వరుసలో పటం సంఖ్య, అనుభవదారు, అతనికి భూమి కౌలుకిచ్చిన వ్యక్తి, విస్తీర్ణం, వార్షిక విలువ ఉంటాయి. భార్యాపిల్లల పేర్లు ఉండవు. ‘మైఖేల్ మర్ఫీ (పాట్)’ అని ఉంటే ఆ బ్రాకెట్‌ను తేలిగ్గా వదిలేయకూడదు: ఒకే ఊళ్లో ఇద్దరు మైఖేల్ మర్ఫీలు ఉన్నప్పుడు గుర్తుగా వేసిన ఆ పేరు చాలాసార్లు తండ్రిదే. అంటే భార్యాపిల్లల ఊసే లేని పట్టికలో ఒక తరం వెనుకకు దారి దొరికినట్టే. చర్చికి రైతులు చెల్లించాల్సిన పన్నును నమోదు చేసిన 1823–1837 నాటి టైథ్ పుస్తకాలు ఇంకా వెనుకటివి, కానీ వాటిలో భూమి లేని కూలీలు కనిపించరు.

కాథలిక్ రిజిస్టర్ల మైక్రోఫిల్మ్ చిత్రాలను ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ 2015లో ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంచింది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. గ్రిఫిత్స్‌లోని సివిల్ పారిష్ (ప్రభుత్వ లెక్కల కోసం వాడిన ప్రాంత విభాగం), చర్చి పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) ఒకటి కావు, వాటి సరిహద్దులు వేరు, తరచుగా పేర్లూ వేరే. టౌన్‌ల్యాండ్ ఏ చర్చి పారిష్ కిందికి వస్తుందో పటంలో చూసుకున్నాకే పుటలు తిప్పాలి. పేర్లు లాటిన్‌లో ఉంటే జాకోబస్ అంటే జేమ్స్, గులియెల్మస్ అంటే విలియం అని చదువుకోవాలి.

బాప్టిజం నమోదులో తల్లి పుట్టింటి ఇంటిపేరు, సాక్షులుగా నిలిచిన జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు సాధారణంగా దొరుకుతాయి. ఈ సాక్షుల పేర్లను తప్పక రాసుకోవాలి. వారిలో ఒకరు గ్రిఫిత్స్‌లో అదే టౌన్‌ల్యాండ్‌లో పక్క సంఖ్య కింద కనిపిస్తే, ఆ కుటుంబం మీదేనన్న నమ్మకం ఎంతో బలపడుతుంది.