హెపటైటిస్ బి, సి: ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత పరీక్షలు, మందులు పొందే విధానం

గల్ఫ్ మెడికల్‌లోనో, రక్తదానం చేసినప్పుడో, గర్భిణులకు చేసే పరీక్షల్లోనో హెపటైటిస్ (వైరస్ వల్ల కాలేయానికి వచ్చే జబ్బు) ఉందని చాలామందికి బయటపడుతుంది. ‘అన్‌ఫిట్’ అని కాగితం చేతిలో పెడతారు, ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పరు. డబ్బున్నవాళ్లు లివర్ డాక్టర్‌ను వెతుక్కుంటారు. లేనివాళ్లు పసరు మందు తాగి, పత్యం చేసి ఊరుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో హెపటైటిస్ బి 2.98 కోట్ల మందికి, సి 55 లక్షల మందికి ఉంది. ఏళ్ల తరబడి ఏ బాధా తెలియదు కాబట్టి, కాలేయం గట్టిపడి పొట్టలో నీరు చేరాక ఆసుపత్రికి వచ్చేది ఎక్కువగా పేదవాళ్లే.

2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ వైద్యం ఉచితం. దీనికి ఆదాయ ధ్రువపత్రం అవసరం లేదు. గుర్తింపు కార్డు, పాత రిపోర్టులు, పనిచేసే ఫోన్ నంబరు తీసుకుని జిల్లా ఆసుపత్రికో, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికో వెళ్లి ఓపీ చీటీ రాయించుకోండి. హెపటైటిస్ చికిత్స కేంద్రం ఏ గదిలో ఉందో అక్కడే అడగండి. ఆ ఆసుపత్రిలో లేకపోతే దగ్గర్లోని కేంద్రానికి రెఫరల్ చీటీ రాయమనండి.

చాలామంది ఆగిపోయేది వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష దగ్గరే. మొదటి పరీక్షలో సి పాజిటివ్ వచ్చినంత మాత్రాన వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉన్నట్టు కాదు, ఈ రక్త పరీక్షతోనే తేలుతుంది. బయట వేల రూపాయలవుతుంది, ఈ కార్యక్రమంలో ఉచితం. నమూనాను వేరే ల్యాబ్‌కు పంపితే రిపోర్టుకు రోజులు పట్టవచ్చు. కూలి పోగొట్టుకుని మళ్లీ మళ్లీ తిరగకుండా, ఏ తేదీకి రావాలో చీటీ మీద రాయించుకోండి.

సి నిర్ధారణ అయి, కాలేయం మరీ దెబ్బతినకపోతే సోఫోస్‌బువిర్, డక్లాటాస్విర్ మాత్రలు 12 వారాలు ఇస్తారు. సీసాకు 28 మాత్రలు, అంటే ఒక్కో మందుకు మూడు సీసాలు. సీసా ఖాళీ అయ్యేదాకా ఆగకుండా, నాలుగు రోజుల ముందే వెళ్లి తర్వాతిది తెచ్చుకోండి. కోర్సు ముగిసిన మరో 12 వారాలకు మళ్లీ వైరల్ లోడ్ చేయించాలి. బాగానే ఉన్నాం కదా అని దీన్ని మానేస్తుంటారు, కానీ జబ్బు నయమైందని చెప్పేది ఈ పరీక్షే.

బి సంగతి వేరు. అందరికీ మందు అక్కర్లేదు, డాక్టర్ చెప్పిన గడువుకు పరీక్షలు మాత్రం తప్పవు. టెనోఫోవిర్ లాంటి మందు మొదలుపెడితే ఏళ్ల తరబడి వాడాలి. సొంతంగా ఆపితే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

మీతో పాటు భార్య లేదా భర్తకు, పిల్లలకు కూడా పరీక్ష చేయించండి. బి లేనివాళ్లకు టీకా వేయించాలి. గర్భిణికి బి ఉంటే కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ కూడా పడాలి, అది అక్కడ సిద్ధంగా ఉంటుందా అని నెలలు నిండకముందే అడిగి పెట్టుకోండి.