కొత్త దాణా దినుసుకు అమెరికాలో అనుమతి: ఫైలు ఎక్కడ మొదలుపెట్టాలి

ముందు ఒక్క వాక్యం రాయండి. ల్యాబ్‌కు శాంపిల్ పంపకముందే, కోళ్ల మీద ట్రయల్ కోసం యూనివర్సిటీతో మాట్లాడకముందే రాయండి. దినుసు ఏమిటి, దేని నుంచి వచ్చింది, ఎలా తయారైంది, ఏ జంతువుకు పెడతారు, ఎందుకు పెడతారు: ఈ ఐదూ ఆ వాక్యంలో ఉండాలి. "ఈగ లార్వా పొడి, ప్రోటీన్ బాగా ఎక్కువ, దేనికైనా పెట్టొచ్చు" అంటే నడవదు.

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకుని, ఇప్పుడు కాన్సాస్‌లో ఫీడ్ కంపెనీలకు ఈ ఫైళ్లు రాసిపెట్టే ఉద్యోగం చేస్తున్నాను. సలహా కోసం ఫోన్ చేసే మనవాళ్ల దగ్గర ల్యాబ్ రిపోర్టులు కట్టలుగా ఉంటాయి, ఈ వాక్యం మాత్రం ఉండదు. రివ్యూ చేసే శాస్త్రవేత్త మీ సరుకు గొప్పదా కాదా అని చూడడు. మీరు రాసిన వాక్యంలో ప్రతి ముక్కకూ రుజువు ఉందా అని చూస్తాడు. రుజువు లేని ముక్క దగ్గర ప్రశ్న రాసి ఫైలు వెనక్కి పంపుతాడు.

మంచి నమూనా కావాలంటే బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాకు ఆఫ్కో ఇచ్చిన నిర్వచనం చదవండి. ఆఫ్కో అంటే అమెరికా రాష్ట్రాల ఫీడ్ కంట్రోల్ అధికారుల సంఘం, 1909 నుంచి ఉంది. ఏ దినుసును ఏ పేరుతో, దేనికి వాడొచ్చో చెప్పే పుస్తకం వాళ్లదే. 2016లో ఈ లార్వాకు అందులో చోటు దొరికింది. సారాంశం ఇది: హెర్మీషియా ఇల్యూసెన్స్ అనే ఈగ లార్వాను ఎండబెట్టినది, నూనె కొంత పిండి తీసినా తీయకపోయినా సరే, ఫీడ్ గ్రేడ్ (పశువుల మేతకు తగిన) పదార్థాల మీద మాత్రమే పెంచినది, తేమ 10 శాతానికి మించనిది, సాల్మన్ జాతి చేపల మేతలో ప్రోటీన్, కొవ్వుల కోసం వాడేది. సాల్మన్ జాతి చేపలకు వచ్చింది కదా అని కోళ్లకు పెట్టడానికి వీల్లేదు. కోళ్లకు తర్వాత విడిగా తెచ్చుకున్నారు, ఎదిగిన కుక్కలకు 2021లో వచ్చింది. ప్రతి జంతువుకూ మళ్లీ డేటా, మళ్లీ ఆఫ్కోలో ఓటింగ్.

"ఫీడ్ గ్రేడ్ పదార్థాల మీద మాత్రమే" అన్న ముక్క దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఆ మధ్య ఇద్దరు కుర్రాళ్లు హోటళ్లలో మిగిలిన అన్నం, కూరల మీద పెంచిన లార్వా రిపోర్టులు పంపారు. ప్రోటీన్, కొవ్వు, సీసం, కాడ్మియం అన్నీ చక్కగా ఉన్నాయి. కానీ ఆ పెంపకం ఈ నిర్వచనంలో ఇమడదు కాబట్టి, ఈ పేరుతో అమ్మడానికి ఆ రిపోర్టులు పనికిరావు. పదార్థం మార్చి బ్యాచ్‌లన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆ పుస్తకం ముందే చదివి ఉంటే బోలెడు డబ్బు మిగిలేది.

వాక్యం కుదిరాక దారి ఎంచుకోవాలి. మొదటిది ఎఫ్‌డీఏకు, అంటే అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థకు, ఫుడ్ అడిటివ్ పిటిషన్. 1958 చట్ట సవరణతో వచ్చిన దారి ఇది. నెగ్గితే మీ దినుసు పేరు మీద ఒక ఫెడరల్ నిబంధనే వస్తుంది. సెలీనియం అలా వచ్చిందే. మేతలో కలిపేది 0.3 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.3 భాగం) దాటకూడదు, ఎందుకంటే జంతువుకు కావాల్సిన మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య తేడా తక్కువ. అలాంటి సరుకు మీదైతే ఈ దారి తప్పదు.

రెండోది గ్రాస్ నోటీసు, అంటే "ఇది సురక్షితమని నిపుణులందరికీ తెలిసిందే" అని చూపించడం. ఇక్కడొక మెలిక ఉంది. సురక్షితమని చెప్పే అసలు డేటా బయట అచ్చయి అందరికీ దొరికేలా ఉండాలి. ట్రయల్ చేయించి, ఫలితాలు బీరువాలో దాచుకుని, ఆపైన గ్రాస్ అంటే కుదరదు. నోటీసు ఫైల్ చేసుకున్నాక ఎఫ్‌డీఏ 180 రోజుల్లో జవాబివ్వాలి, అవసరమైతే మరో 90 రోజులు తీసుకోవచ్చు. అంతా బాగుంటే "మాకు ప్రశ్నలేమీ లేవు" అని ఉత్తరం వస్తుంది. అది అప్రూవల్ కాదు, బస్తా మీద "ఎఫ్‌డీఏ అప్రూవ్డ్" అని వేసుకోకండి.

మూడోది ఆఫ్కో నిర్వచనం. ఇక్కడే ఈ మధ్య వ్యవహారం మారింది. 2007 నుంచి ఆఫ్కోకు వచ్చే ఫైళ్లలో సైన్సును ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలే చూసేవారు. ఆ ఒప్పందం 2024 అక్టోబరు 1తో ముగిసింది. తర్వాత ఎఫ్‌డీఏ తన వైపు నుంచి యానిమల్ ఫుడ్ ఇంగ్రీడియంట్ కన్సల్టేషన్ అని, అంటే దినుసు గురించి నేరుగా ఎఫ్‌డీఏతోనే సంప్రదించే దారి ఒకటి తెరిచింది. ఆఫ్కో తన సైన్స్ రివ్యూ కోసం కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ఒలేథా క్యాంపస్‌తో చేతులు కలిపింది. కాబట్టి పాత ఫైళ్లు చూసి ఫార్మాట్ కాపీ కొట్టకండి, ఇప్పటి సూచనలే తెప్పించుకోండి. ఏ దారైనా సరే, ఫైలు వేసేముందు రివ్యూ చేసేవాళ్లతో ఒక మీటింగ్ అడగండి. వాళ్లు మాట్లాడతారు. మనవాళ్లు ఆఫీసంటే భయపడి, ముందే అడిగితే తప్పు పడతారనుకుంటారు. ఇక్కడ అడగకపోతేనే చిక్కు.

ఇక ఫైల్లో ఎక్కువ ప్రశ్నలు వచ్చే చోటు దినుసు గుర్తింపు, అంటే ఆ దినుసు కచ్చితంగా ఏమిటో చూపించే భాగం. వేర్వేరు రోజుల్లో తీసిన బ్యాచ్‌లు కనీసం ఐదు పెట్టమని నేను చెబుతాను. ఒక్క శాంపిల్‌ను ఐదు ముక్కలు చేస్తే ఐదు బ్యాచ్‌లు కావు. ప్రోటీన్ సంగతి చూడండి. ల్యాబ్ వాళ్లు నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తారు. లార్వా తొక్కలో కైటిన్ ఉంటుంది, దానిలోనూ నైట్రోజన్ ఉంటుంది, కానీ అది ప్రోటీన్ కాదు. పూర్తి లార్వాకు 4.76 సరిపోతుందని 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. మీ పొడిలో నైట్రోజన్ 7 శాతం ఉందనుకోండి. పాత లెక్కలో ప్రోటీన్ దాదాపు 44 శాతం, కొత్త లెక్కలో 33. లేబుల్ మీద క్రూడ్ ప్రోటీన్ మామూలు లెక్కలోనే వేస్తారు. కానీ ఫైల్లో అమైనో ఆమ్లాల పట్టిక లేకపోతే రివ్యూయర్ ఊరుకోడు. ఊరుకోకపోవడానికి కారణమూ ఉంది. 2007లో చైనా నుంచి గోధుమ గ్లూటెన్ పేరుతో వచ్చిన సరుకులో ప్లాస్టిక్ తయారీలో వాడే మెలమైన్ కలిసింది. నైట్రోజన్ పరీక్షలో అది ప్రోటీన్‌గా కనిపించింది, ఇక్కడ కుక్కలు, పిల్లులు కిడ్నీలు పాడై చనిపోయాయి.

సురక్షితమా అన్న ప్రశ్న రెండు రకాలు: తినే జంతువుకు, ఆ జంతువు పాలూ గుడ్లూ మాంసమూ తినే మనిషికి. బూజు వల్ల పుట్టే విషమైన అఫ్లటాక్సిన్‌ను గుర్తుపెట్టుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. అమ్మకానికి దగ్గరపడ్డ మాంసం పశువుల దాణాలో 300 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 300 భాగాలు) దాకా ఎఫ్‌డీఏ చర్య తీసుకోదు. పాడి ఆవు దాణాకు మాత్రం హద్దు 20 పీపీబీ, ఎందుకంటే అది పాలల్లోకి దిగుతుంది. మీ దినుసులో ఏది ఎక్కడికి చేరుతుందో ముందే ఆలోచించి పరీక్షలు పెట్టించండి.

ట్రయల్ బడ్జెట్ వేసేటప్పుడు అందరూ మర్చిపోయేదొకటి ఉంది. అనుమతి లేని దినుసు తిన్న కోళ్లను అమ్మకూడదు. అమ్ముకోవాలంటే ఎఫ్‌డీఏ దగ్గర ముందే ఆహార వినియోగ అనుమతి తెచ్చుకోవాలి. లేకపోతే ట్రయల్ అయ్యాక కోళ్లన్నిటినీ పారేయాల్సిందే. 42 రోజులు మేపిన బ్రాయిలర్లను పూడ్చిపెట్టే ఖర్చు కూడా మీదే.

ఇప్పుడు "ఎందుకు పెడతారు" అన్న ముక్క. "ప్రోటీన్ కోసం" అంటే మేత. "రోగనిరోధక శక్తి పెరుగుతుంది, విరేచనాలు ఆగుతాయి" అంటే మందు. ఒకే పొడి, ఒకే బస్తా, కానీ ఆ ఒక్క మాటతో మీ ఫైలు మందుల విభాగానికి వెళ్తుంది, ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. మన దగ్గర దాణా బస్తాల మీద "ఇమ్యూనిటీ బూస్టర్" అని రాయడం అలవాటైపోయింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఆవుల కడుపులో మీథేన్ తగ్గించే 3-ఎన్ఓపీని యూరప్ 2022లో ఫీడ్ అడిటివ్‌గా అనుమతించింది. అమెరికాలో అదే పదార్థం మందుల దారిలో నడిచి 2024 మేలో ఎఫ్‌డీఏ పరిశీలన ముగించుకుంది. వెబ్‌సైట్, బ్రోచర్, సేల్స్ వాళ్ల వాట్సాప్ మెసేజ్‌లు కూడా ఆ వాక్యం దాటకూడదు.

ఇదే పొడిని భీమవరం రొయ్యల చెరువుల్లో వాడాలంటే అమెరికా ఉత్తరం చూపిస్తే సరిపోదు. అక్కడ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఉంది, చేపల మేత నాణ్యతకు ఆంధ్రప్రదేశ్ 2020లో తెచ్చిన చట్టం ఉంది. అమెరికా డేటాలో గుర్తింపు, విషపదార్థాల భాగం అక్కడ ఉపయోగపడుతుంది. రొయ్య మీద ట్రయల్ మాత్రం కొత్తగా చేయించాలి.

అనుమతి వచ్చాక బస్తా మీద నిర్వచనంలో ఉన్న పేరే అక్షరం మారకుండా వేయాలి. లేబుల్ చూసేది రాష్ట్రాల ఇన్‌స్పెక్టర్లు, వాళ్ల చేతిలో ఉండేది ఆఫ్కో పుస్తకమే. డ్రైయర్ మార్చినా, లార్వాకు పెట్టే పదార్థం మార్చినా, నూనె తీసే పద్ధతి మార్చినా, కొత్త బ్యాచ్‌ల రిపోర్టులు తీసి ఫైల్లోని స్పెసిఫికేషన్ పక్కన పెట్టి చూసుకోండి. తేడా వస్తే అమ్మకముందే రివ్యూ చేసినవాళ్లకు రాయండి.