పాత పికప్‌లో ఫోర్ వీల్ సరిగా పడకపోతే: సమస్య – పరిష్కారం

మన సీమలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఫోర్ వీల్ అవసరమే రాదు. వానలు పడి కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి జిగురైనప్పుడో, తాడిపత్రి దగ్గర పెన్నా ఇసుకలో బండి దిగబడినప్పుడో ఒక్కసారిగా లివర్ లాగుతారు. అది కదలదు, లేదంటే కరకరమంటుంది. వెంటనే ‘ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్ బాక్స్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) పోయింది’ అనుకుని దింపించేస్తారు. నిజానికి అది అన్నిటికంటే చివర చేయాల్సిన పని. లింకేజ్ (లివర్‌ను ట్రాన్స్‌ఫర్ కేస్‌కు కలిపే కడ్డీలు) బిగుసుకోవడం, ఆయిల్ పాతబడటం, టైర్ల తేడా, వాక్యూమ్ పైపు పగలడం లాంటి బయటి కారణాలు ముందు చూడాలి. వీటికి పెద్దగా ఖర్చు కాదు.

ఇక్కడ చెప్పేదంతా పార్ట్ టైమ్ ఫోర్ వీల్ బళ్లకు, అంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్టులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) లేనివాటికి. వీటిలో ఫోర్ వీల్ వేశాక ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు (యాక్సిళ్లకు శక్తి మోసుకెళ్లే పొడవాటి కడ్డీలు) ఒకే వేగంతో తిరిగి తీరాలి. కింద వచ్చే సమస్యల్లో సగం ఈ ఒక్క సంగతి నుంచే పుడతాయి.

లివర్ గట్టిగా ఉంది, ఫోర్ వీల్ గాడి దాకా రావడం లేదు

ముందు క్యాబిన్‌లోనే చూడండి. లివర్ చుట్టూ ఉన్న రబ్బరు బూట్ ఎండకు గట్టిపడితే, లేదా కొత్తగా వేసిన మందపాటి మ్యాట్ అడ్డం పడితే లివర్ పూర్తిగా కదలదు. అక్కడ ఏమీ లేకపోతే బండి కిందికి వెళ్లండి. లింకేజ్ పిన్నులు, పివట్ దగ్గర ఎర్రమట్టి, పాత గ్రీసు కలిసి గట్టిపడి ఉంటాయి. డీజిల్, వైర్ బ్రష్‌తో కడిగి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగండి. ఒకరు లోపల లివర్ నెమ్మదిగా ఆడిస్తుంటే ఇంకొకరు కింద నుంచి చూడాలి. లివర్ కదిలినా ట్రాన్స్‌ఫర్ కేస్ మీది షిఫ్ట్ షాఫ్ట్ (లివర్ తిప్పే చిన్న కడ్డీ) కదలకపోతే బుష్‌లు అరిగాయి, వాటిని మార్చాలి. లింకేజ్ విప్పి చూస్తే ఆ షాఫ్ట్ చేతికి సులభంగా తిరుగుతోందా? అయితే బిగుసుకున్నది కేసు లోపల కాదు, లింకేజే.

వేసేటప్పుడు కరకర

చాలాసార్లు ఇది బండి తప్పు కాదు, వేసే తీరు తప్పు. వెనక చక్రాలు బురదలో గిర్రున తిరుగుతుండగా ముందు షాఫ్ట్ ఆగి ఉంటుంది. ఆ రెండు వేగాలనూ కలపబోతే పళ్లు కొట్టుకుంటాయి. ఫోర్ హై (4H, మామూలు వేగాల ఫోర్ వీల్) వేసేటప్పుడు స్టీరింగ్ నేరుగా పెట్టి, యాక్సిలరేటర్ వదిలి, లివర్‌ను ఒకే కదలికలో లాగాలి. ఫోర్ లో (4L, తక్కువ వేగంలో ఎక్కువ లాగే ఫోర్ వీల్) వేయాలంటే బండి ఆపి, మెయిన్ గేర్ న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కాలి. పన్ను మీద పన్ను ఆగి పడకపోతే బలవంతం చేయొద్దు. ఒకసారి ఫస్ట్ గేర్ వేసి తీసి మళ్లీ ప్రయత్నించండి. పాత లివర్ బళ్లలో మనిషి నడక కంటే తక్కువ వేగంతో దొర్లుతున్నప్పుడు ఇంకా మెత్తగా పడుతుంది. హబ్బులు (ముందు చక్రాలను యాక్సిల్‌కు కలిపే భాగాలు) చేత్తో లాక్ చేసే రకమైతే బండి నిలిచి ఉన్నప్పుడే ముందు వాటిని లాక్ చేయాలి, తర్వాతే లివర్.

ఇదంతా సరిగా చేసినా కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో చూడండి. రివర్స్ గేర్ కూడా అలాగే అరుస్తుంటే తప్పు చాలావరకు క్లచ్‌దే.

పడింది, తీస్తే రావడం లేదు

తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పితే ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. షాఫ్టులు ఆ తేడాను ఒప్పుకోవు. ఆ ఒత్తిడంతా గేర్లలో మెలిపడి ఉండిపోతుంది. లివర్ బిగుసుకునేది అందుకే. అక్కడికక్కడ చేయాల్సింది ఇదే: స్టీరింగ్ నేరుగా పెట్టి మూడు నుంచి ఐదు మీటర్లు రివర్స్ వెళ్లి, యాక్సిలరేటర్ వదిలి లివర్ తీయండి. ఊడి వస్తుంది.

మట్టి దారిలో నేరుగా నడిపినా ఇదే జరుగుతుంటే టైర్లు కొలవండి. ముందు కొత్తవి, వెనక అరిగినవి వేసిన బళ్లు ఎన్నో. ట్రెడ్‌లో తేడా 6 మి.మీ. ఉంటే చుట్టుకొలతలో దాదాపు 38 మి.మీ. తేడా వస్తుంది. 2.2 మీటర్ల చుట్టుకొలత ఉన్న చక్రానికి అది కిలోమీటరుకు సుమారు 17 మీటర్లు. అంత తేడాను ట్రాన్స్‌ఫర్ కేస్ మోయలేక చైన్, పళ్లు అరుగుతాయి. టేపును ట్రెడ్ చుట్టూ తిప్పి నాలుగు చక్రాలూ కొలవండి, తేడా వీలైనంత తక్కువ ఉండాలి. ఎర్రగుంట్ల వైపు బండలు మోసే బళ్లలో లోడుకు తగ్గ గాలి లేక వెనక టైర్లు నొక్కుకుపోయినా ఇదే ఫలితం. గాలి చూడటానికి ఖర్చేమీ లేదు కాబట్టి అదే మొదట చూడండి.

లైటు వెలిగింది, ముందు చక్రాలు లాగడం లేదు

లైటును నమ్మకండి. అది స్విచ్ కదిలిన సంగతే చెబుతుంది, చక్రానికి శక్తి చేరిన సంగతి చెప్పదు. పరీక్ష ఇలా చేయండి. సమంగా ఉన్న నేల మీద వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగండి. హబ్బులు లాక్ చేసి ఫోర్ హై వేసి, ఇంజిన్ ఆపండి. ముందు చక్రం ఒకటి మాత్రమే జాక్‌తో లేపి చేత్తో తిప్పండి. కాస్త ఆడి ఆగిపోతే అంతా బాగున్నట్టే. చక్రంతో పాటు ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా తిరుగుతుంటే ట్రాన్స్‌ఫర్ కేస్ పట్టలేదు. షాఫ్ట్ కదలకుండా చక్రం ఒక్కటే తిరిగితే తప్పు హబ్బులలో. రెండింటిలో ఏ ఒక్క హబ్ పట్టకపోయినా ముందు యాక్సిల్ మొత్తం పనికిరాదు. లాగాల్సిన శక్తి ఆ ఖాళీ వైపే పోతుంది. కాబట్టి రెండు హబ్బులూ చూడాలి.

చేత్తో లాక్ చేసే హబ్ అయితే విప్పి, గట్టిపడిన గ్రీసు పెట్రోలుతో కడిగి, స్ప్రింగ్, పళ్లు చూసి పలుచగా కొత్త గ్రీసు రాయండి. నిండా కూరితే లోపలి రింగు జారదు. వాక్యూమ్ హబ్ (పైపులో గాలి పీల్చే ఒత్తిడితో లాక్ అయ్యేది) అయితే ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఫోర్ వీల్ వేయించి, హబ్ దగ్గర పైపు ఊడదీసి వేలు పెట్టండి. వేలిని పీల్చకపోతే పైపు వెంట వెనక్కి వెళ్లండి. మన ఎండకు రబ్బరు పైపు వంపుల దగ్గరే పగులుతుంది, చేత్తో వంచితేనే చీలిక కనిపిస్తుంది. పైపు బాగుంటే సోలినాయిడ్ (కరెంటుతో వాక్యూమ్‌ను తెరిచి మూసే వాల్వ్), దాని కనెక్టర్ చూడాలి. బ్రేక్ పెడల్ కూడా గట్టిగా ఉంటే వాక్యూమ్ పంపే బలహీనపడి ఉండొచ్చు. డీజిల్ బళ్లలో బ్రేక్ బూస్టర్‌కూ అదే పంపు. అప్పుడు ఫోర్ వీల్ సంగతి పక్కనపెట్టి బ్రేకు ముందు బాగు చేయించండి.

నాబ్ తిప్పితే లైటు మినుకుతోంది

టాటా జెనాన్ లాంటి, లివర్‌కు బదులు నాబ్ ఉండే బళ్లలో ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక చిన్న మోటారు ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి నాబ్ తిప్పితే కింద నుంచి ‘గుర్ర్’ అని వినపడాలి. శబ్దమే లేకపోతే ఫ్యూజ్, బ్యాటరీ, ఎర్త్ వైరు చూడండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 వోల్టుల కంటే తక్కువ చూపితే ముందు చార్జ్ చేయండి. మోటారు తిరిగి మధ్యలో ఆగితే కనెక్టర్ విప్పి చూడండి. పచ్చటి పొర కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో కడగాలి. అది కుదరకపోతే మోటారు దింపి లోపలి కాంటాక్ట్ ప్లేట్ శుభ్రం చేయించాలి. దింపేముందు షాఫ్ట్ ఏ స్థితిలో ఉందో పెయింట్ గుర్తు పెట్టుకోండి, లేకపోతే తిరిగి బిగించాక ఫోర్ హై చోట న్యూట్రల్ పడుతుంది.

కదిలేటప్పుడు టప్‌మంటోంది

ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు సర్దుకునే చోటు) ఎండిపోయి ఉంటుంది, లేదా జాయింట్ క్రాస్ (షాఫ్ట్ చివర వంగే జాయింట్‌లోని అడ్డకడ్డీ) అరిగి ఉంటుంది. క్రాస్‌కు రెండు వైపులా పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టండి. ఆట తెలిస్తే మార్చాలి. లేకపోతే సీళ్ల నుంచి పాత గ్రీసు బయటికి వచ్చేదాకా గ్రీస్ గన్ కొట్టండి.

ఆయిల్ ఏం చెబుతుంది

ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ బండి వేడిగా ఉన్నప్పుడు మార్చండి. మొదట నింపే ప్లగ్ ఊడుతుందో లేదో చూసి, ఆ తర్వాతే కింది ప్లగ్ విప్పాలి. పైది ఇరుక్కుపోతే ఖాళీ కేసుతో బండి నడపలేరు. ప్లగ్ అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే అది మామూలే. వేళ్లతో పట్టుకోగల ముక్కలు ఉంటే లోపల ఏదో విరుగుతోంది. ఆయిల్ పాలలా ఉంటే నీళ్లు చేరాయి, చాలావరకు వంక దాటినప్పుడు బ్రీదర్ (కేసు గాలి పీల్చుకునే సన్న పైపు) గుండా వచ్చి ఉంటాయి. బ్రీదర్ పైపులో కందిరీగ మట్టిగూడు కూడా ఉండొచ్చు, ఊది చూడండి. చైన్ ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసులు చాలావాటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్) పోస్తారు, గేర్లవి చాలావరకు గేర్ ఆయిల్‌తో నడుస్తాయి. మీ బండి మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే పోయాలి. నింపే రంధ్రం అంచు నుంచి చుక్క కారడం మొదలైతే చాలు.

ఫోర్ లో (4L) నుంచి దానంతటదే జారుతోంది

లింకేజ్ సర్దుబాటు, ట్రాన్స్‌ఫర్ కేస్ కింది రబ్బరు మౌంట్, లివర్ అడుగున బూట్ తగలడం, ఈ మూడూ చూడండి. మౌంట్ చిరిగితే లోడు పడగానే కేసు పక్కకు జరిగి లివర్‌ను లాగేస్తుంది. ఇవన్నీ బాగుంటేనే కేసు విప్పాలి: డిటెంట్ స్ప్రింగ్, బంతి (గేర్‌ను దాని చోట పట్టి ఉంచేవి), ఫోర్క్ ప్యాడ్లు, కాలర్ పళ్ల అంచులు చూడాలి. గట్టిగా లాగేటప్పుడు లోపల ‘కటక్ కటక్’ అంటే చైన్ సాగి పన్ను దాటుతోంది. ఆ శబ్దంతో ఇంకా లాగించొద్దు, చైన్ తెగితే కేసు గోడ పగలొచ్చు. చైన్ మార్చేటప్పుడు స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే వాటినీ మార్చాలి. ఫోర్క్ ప్యాడ్లు, సీళ్లు, బేరింగులు కూడా అప్పుడే వేయించండి, మళ్లీ దింపే కూలీ మిగులుతుంది.