పాత ఫిల్మ్ కెమెరా ఫొటోల్లో వెలుగు మరకలు: కారణం ఎలా పట్టుకోవాలి?

ఫొటోలో తెల్లటి చారో, నారింజ మరకో కనబడగానే చాలామంది లెన్స్‌ని అనుమానిస్తారు. లెన్స్ జోలికి వెళ్లేముందు నెగటివ్ చూడండి. ప్రింటులో, స్కాన్‌లో ఫ్రేమ్ బయటి అంచులు కత్తిరించుకుపోతాయి. అసలు ఆనవాళ్లు ఉండేది అక్కడే.

1. నెగటివ్‌ని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. వెలుగు తగిలిన చోటు నల్లగా ఉంటుంది. ఆ నలుపు ఫిల్మ్ అంచుల్లో వరుసగా ఉండే స్ప్రాకెట్ రంధ్రాల దాకా పాకితే వెనుక తలుపు సందుల్లోంచో, ఫిల్మ్ డబ్బాలోంచో వెలుగు దూరినట్టు. ఫ్రేమ్ గీత దగ్గరే ఆగితే లెన్స్, షట్టర్, బెలోస్ (మడత కెమెరాల్లో లెన్స్‌ని కెమెరాకు కలిపే మడతల తొడుగు)లలో ఏదో ఒకటి కారణం.

2. కలర్ ఫిల్మ్‌లో ఎరుపును పట్టే పొర అన్నిటికంటే అడుగున ఉంటుంది. వెనుక నుంచి దూరిన వెలుగు ముందు దానికే తగులుతుంది కాబట్టి ఫొటోలో ఎర్రగా, నారింజగా పడుతుంది.

3. ఫిల్మ్ మీద బొమ్మ తలకిందులుగా పడుతుందని మరవకండి. మరక ఫొటో కింది అంచున ఉంటే సందును కెమెరా పైభాగంలో వెతకాలి.

4. ప్రతి ఫ్రేమ్‌లో ఒకేచోట చిన్న చుక్క వస్తుంటే గుడ్డ షట్టర్‌కు చిల్లు పడి ఉండొచ్చు. రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో (లెన్స్‌లోంచి కాక వేరే కిటికీలోంచి చూసేవి) లెన్స్ వెనుక అద్దం అడ్డం ఉండదు కాబట్టి, లెన్స్ సూర్యుడి వైపు ఉండిపోతే ఆ గుడ్డ కాలుతుంది.

5. పలకలు తేలిన ఆకారంలో మచ్చలు వరుసగా ఉండి, కెమెరా తిప్పితే జరుగుతుంటే అది లెన్స్ ఫ్లేరే, అంటే లెన్స్ గాజుల మధ్య వెలుగు అటూఇటూ తగిలి పడే మరక. పూత లేని గాజు ఒక్కో ఉపరితలం దాదాపు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది కాబట్టి పాత లెన్స్‌కు పక్క వెలుగును ఆపే హుడ్ (లెన్స్ ముందు తొడుగు) తప్పనిసరి. ఫొటో మొత్తం వెలిసినట్టుంటే, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం) పూర్తిగా తెరిచి, షట్టర్‌ని బీ (నొక్కినంతసేపూ తెరిచి ఉంచే అమరిక) మీద ఉంచి, టార్చి వేసి చూడండి. లోపల పొగమంచులాంటి పొరో, బూజో కనబడుతుంది.

6. ఇంకా తేలకపోతే లెన్స్ మూతపెట్టి మూడు ఫ్రేములు తీయండి. ఒక్కోదానికి కెమెరాను అన్ని వైపులా తిప్పుతూ నిమిషంసేపు ఎండలో ఉంచండి. నీడలో రెండు ఫ్రేములు ఖాళీగా వదిలి, తలుపు అంచుల చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి మళ్లీ మూడు తీయండి. టేపు వేశాక మరక మాయమైతే తప్పు తలుపు గాడిలో వెలుగు దూరకుండా అంటించే మెత్తటి ఫోమ్‌దే. మూత ఉన్నా ఫ్రేమ్ లోపలే మరక పడితే బెలోస్ చూడాలి: చీకటి గదిలో లోపల టార్చి పెడితే మడతల మూలల్లో చిల్లులు మెరుస్తాయి.

జిగురులా కరిగిన ఫోమ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి చెక్కపుల్లతో గీకండి. లోహం వాడితే రంగు లేస్తుంది. ఆ ముక్కలు షట్టర్ మీద పడనివ్వకండి. కొత్త ఫోమ్‌ను అంటించేముందు గాడి లోతు కొలవండి. మరీ మందమైతే తలుపు సరిగా మూసుకోదు, వెలుగు మళ్లీ దూరుతుంది.