గిరిగిరి పైసలు, పెండ్లి పత్రికల కవర్లు: మా ఇంటి అప్పు దించుకున్న తీరు

మాది వరంగల్, కాశిబుగ్గ. ఇంట్లో అయిదుగురం. మా ఆయన ఆటో నడుపుతాడు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, మా అత్తమ్మకు పింఛన్ వస్తుంది, పిల్లలిద్దరూ సర్కారు బడి. మహిళా సంఘంలో లెక్కల పుస్తకం రాసేది నేనే. పది మంది లెక్క పైసా తేడా లేకుండా రాసే నేను, సొంత ఇంటి అప్పు మొత్తం ఎంతో తెలియకుండా ఏడాదిన్నర గడిపాను. ఎక్కడ తప్పానో, ఎట్లా సర్దుకున్నానో అదే రాస్తున్నాను. మీ ఇంటికి ఏది పనికొస్తే అది తీసుకోండి.

ముందు ఒక కాగితం

ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లల పాత నోట్‌బుక్కులోంచి కాగితం చింపి నాలుగు గీతలు గీశాను. ఎవరికి, ఎంత, నూటికి ఎంత మిత్తి, ఏ తారీఖు. మా ఆయన పక్కన కూర్చుని "ఇదంతా నాకు తెల్సు" అన్నాడు. రాస్తుంటే ఆయనకు తెలియనివి రెండు, నాకు తెలియనిది ఒకటి బయటపడ్డాయి. కాసేపు గొడవైంది. కానివ్వండి, ఆ గొడవ ముందే అయిపోవాలి.

మా కాగితం ఇది. ఆటో కిస్తీ నెలకు 6,200. గ్రూపు లోను, అంటే మైక్రోఫైనాన్స్ కంపెనీది, 45,000కు 24 నెలలు, నెలకు 2,380. ఆసుపత్రికని తెలిసినాయన దగ్గర తెచ్చిన 40,000కు నూటికి మూడు చొప్పున 1,200, అది మిత్తి మాత్రమే, అసలు అట్లనే ఉంది. గిరిగిరి, అంటే రోజూ ఇంటికొచ్చి వసూలు చేసుకునే అప్పు, రోజుకు వంద, అంటే నెలకు 3,000. కిరాణం షాపులో ఉద్దెర 3,400. ఉద్దెర పక్కన పెట్టినా నెలకు 12,780 కట్టాలి. వచ్చేది చూస్తే, పెట్రోలు పోను ఆటో మీద రోజుకు 500 లెక్కన 26 రోజులకు 13,000, నా కుట్టు మీద 4,000, అత్తమ్మ పింఛన్ రెండు వేలు. మొత్తం 19,000. అప్పులు పోను 6,220, అందులో ఇంటి కిరాయి 3,500. మిగిలిన 2,720తో అయిదుగురం నెల గడపాలి. అది చూశాక ఉద్దెర ఎందుకు పెరుగుతోందో, గిరిగిరి ఎందుకు మళ్లీ మళ్లీ తీస్తున్నామో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మిత్తిని ఒకే కొలతతో కొలవండి

నేను మోసపోయింది ఇక్కడే. బ్యాంకాయన "9 శాతం" అంటే అమ్మో తొమ్మిదా అనుకున్నాను. తెలిసినాయన "మూడు రూపాయలే కదా చెల్లే" అంటే తక్కువే కదా అనుకున్నాను. బ్యాంకు చెప్పేది ఏడాదికి, మన వాడలో చెప్పేది నెలకు. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. బ్యాంకు 9 శాతమంటే నెలకు నూటికి ముప్పావలా. అందుకే కాగితం మీద అన్నింటినీ నెల లెక్కలోకి మార్చి రాయండి. ఏడాది శాతాన్ని 12తో భాగిస్తే చాలు. గ్రూపు లోను కార్డు మీద 24 శాతం ఉంటే అది నూటికి రెండు.

ఇక గిరిగిరి. తెలియనివాళ్లకు చెప్తాను. పదివేలు రాసుకుని చేతికి 8,500 ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "పదిహేను వందలే కదా" అనిపిస్తుంది. కానీ ఆ 8,500 వంద రోజులూ మన దగ్గర ఉండవు, మొదటి రోజు నుంచే తిరిగి ఇస్తూ పోతాం. కొంచెం లోతుగా లెక్క కడితే నెలకు నూటికి పది రూపాయలు పడుతుంది. దీనికంటే పెద్ద దెబ్బ డెబ్బయ్యో రోజున వస్తుంది. సాయంత్రం బండి మీద వచ్చి "అక్కా, పాతది పట్టుకుని కొత్తది వెయ్యాల్నా?" అంటాడు. పాతది ఇంకా 3,000 ఉంటుంది. కొత్త పదివేలలో 1,500 మిత్తి పోయి, 3,000 పాత బాకీ పోయి, చేతికి 5,500 వస్తాయి. ఆ మూడు వేల మీద మిత్తి మొదటిసారే కట్టేశాం, ఇప్పుడు దాని మీద మళ్లీ కట్టాం. నేను ఇట్లా నాలుగు సార్లు చేశాను. దీన్నే మా వాడలో రొటేషన్ అంటారు.

గిరిగిరిని ముందుగా తీర్చేద్దామని చాలామంది తొందరపడతారు. నేనూ అడిగాను. ముందే కడితే పైసా తగ్గించనన్నాడు. మిత్తి ముందే పట్టుకున్నాడు కాబట్టి, తగ్గింపు లేకుండా ముందుగా కడితే మనకు ఒరిగేదేమీ లేదు. దాన్ని రోజుకు వంద చొప్పున అట్లనే నడవనియ్యండి, కొత్తది మాత్రం తీసుకోవద్దు. చేతిలో పైసలుంటే నూటికి మూడు, నూటికి అయిదు లాంటి నెల మిత్తి అప్పు మీద పెట్టండి. దాంట్లో అసలు తగ్గితే మరుసటి నెల నుంచే మిత్తి తగ్గుతుంది.

మా దగ్గర మా అమ్మ పెట్టిన గొలుసు ఉంది. కుదువ పెట్టడానికి ప్రాణం ఒప్పలేదు. కానీ అది బీరువాలో ఉండగా నెలకు 1,200 మిత్తి పోతోంది. బ్యాంకులో పెట్టి 45,000 తెచ్చాను. నలభై వేలు నూటికి మూడు అప్పుకు, 3,400 కిరాణం ఉద్దెరకు, మిగిలిన 1,600 గిరిగిరి పదహారు రోజులకు సరిపోయాయి. బంగారం లోను మిత్తి నెలకు 340 లోపే. ఇందులో ఒక గుంత ఉంది. నెలనెలా ఎవరూ అడగరు, గడువు నాటికి మొత్తం ఒక్కసారే అడుగుతారు, కట్టకపోతే గొలుసు వేలానికి పోతుంది. అందుకే గిరిగిరి అయిపోయిన నెల నుంచి 2,000 తీసుకెళ్లి ఆ లోనులోనే కడుతూ వచ్చాను. బంగారం లేనివాళ్లు సంఘం పొదుపులోంచి అంతర్గత అప్పు అడగండి, మా సంఘంలో రూపాయి మిత్తి.

చేబదులు తీర్చేటప్పుడు ఒకటి మరవద్దు. ప్రోనోటు చేతికి తీసుకున్నాకే పైసలు చేతిలో పెట్టాలి. కొంత కొంత కడుతుంటే ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలి. "మన మధ్య ఎందుకమ్మా" అంటారు. మన మధ్యే కావాలి.

నెల లెక్క కాదు, తారీఖు లెక్క

మా ఇంట్లో ఆటో పైసలు రోజూ వస్తాయి, కిస్తీలు నెలకోసారి పోతాయి. ఈ రెంటి మధ్య ఉన్న ముప్పై రోజుల్లోనే పైసలు కరిగిపోయేవి. అయిదో తారీఖు ఆటో కిస్తీ అంటే నాలుగో తారీఖు రాత్రి నుంచి టెన్షన్. ఇప్పుడు కిస్తీని 26తో భాగించాను. ఆటోకు, గ్రూపు లోనుకు కలిపి 8,580, రోజుకు 330. మా ఆయన రాత్రి జేబు ఖాళీ చేయగానే ముందు ఈ 330 తీస్తాను, మిగిలిన దాంట్లోనే కూరగాయలు, పాలు. గిరాకీ లేని రోజు 200 వస్తే ఆ 200 కవర్లోకే పోతుంది, ఆ పూట పచ్చిపులుసు.

కవర్లంటే పెండ్లి పత్రికలవి. మూలలకు పసుపు రాసినవి మా ఇంట్లో బొచ్చెడు ఉంటాయి. ఒకటి కిస్తీ, ఒకటి కిరాయి, ఒకటి గ్యాసు, ఒకటి పండుగ. కిరాయి మొత్తం నా కుట్టు పైసల నుంచే. ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి కదా అంటుంది మా చెల్లె. ఫోన్‌లో అంకె కనిపిస్తే నాకు ఖర్చు పెట్టబుద్ధవుతుంది. కవర్లో నోటు తీయాలంటే చెయ్యి ఆగుతుంది.

సర్కారు నుంచి వచ్చేవి

నా ఒక్క సూత్రం: చేతికి రాని పైసలను లెక్కలో వెయ్యను. పింఛన్ మా దగ్గర ఒక నెల ముందు, ఒక నెల వెనక వస్తుంది. దాన్ని నమ్ముకుని తారీఖున్న కిస్తీ పెట్టుకుంటే గిరిగిరి దగ్గరికి పోవాల్సిందే. వృద్ధాప్య పింఛన్ 2,016. చిల్లర లేదని పదహారు చేతికి రాని నెలలూ ఉన్నాయి, అత్తమ్మ ఆ పదహారు కోసం కొట్లాడి తెచ్చుకుంటుంది. ఆ పైసలు ఆమెవే. మందులకు, ఆమె తమలపాకులకు పోను ఆమె ఇస్తేనే ఇంటికి. అడిగి తీసుకున్న రోజుల్లో ఇంట్లో ఏ మర్యాద మిగల్లేదు, అదీ చూశాను.

బియ్యాన్ని పైసల్లా లెక్కవేయండి. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి ఆరు కిలోలు. మా చిన్నోడి పేరు కార్డులో ఎక్కక చాలా రోజులు 24 కిలోలే వచ్చేవి. మీసేవలో దరఖాస్తు పెట్టి, వెంటపడి ఎక్కించాక 30 వస్తున్నాయి. బయట ఆ రకం కిలో యాభై దగ్గర ఉంది, అంటే ఒక్క పేరుకు నెలకు మూడు వందలు. పిల్లలు పుట్టి పేర్లు ఎక్కని ఇండ్లు మా గల్లీలోనే ఎన్నో ఉన్నాయి.

కరెంటు 200 యూనిట్ల లోపైతే జీరో బిల్లు. 201 అయితే ఆ ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తం బిల్లు కట్టాలి, అది వెయ్యి దాటుతుంది. కాబట్టి బిల్లు తీసిన ఇరవయ్యో రోజున మీటరు చూడండి. అంకెలు మారుతూ ఉంటాయి, కేడబ్ల్యూహెచ్ (kWh) అని వచ్చినప్పుడున్న అంకెలోంచి పాత బిల్లు మీది రీడింగ్ తీసేయండి. 130 దాటిందంటే మిగిలిన పది రోజులు కూలరు, ఇస్త్రీ పెట్టె తగ్గించాలి. ఎండాకాలం మే నెలలో ఇది మా ఇంట్లో రోజూ యుద్ధమే. కిరాయి ఇల్లయినా మీ పోర్షన్‌కు వేరే మీటరుంటే ఈ పథకం వస్తుంది. ఇల్లు మాట్లాడుకునేటప్పుడే మీటరు సంగతి అడగండి.

గ్యాసు 500 అంటారు కానీ బండ తెచ్చినాయనకు తొమ్మిది వందల పైనే ఇవ్వాలి, మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది. అందుకే గ్యాసు కవర్లో వెయ్యి ఉంచుతాను. పడే ఖాతా ఏదో కూడా చూసుకోండి. మాది ఆటో కిస్తీ కోసే ఖాతాలోనే పడేది, పడ్డది పడ్డట్టే కోసుకుపోయేది. ఇప్పుడు కిస్తీకి ఒక ఖాతా, సర్కారు పైసలకు ఇంకో ఖాతా.

బస్సు గురించి మా ఇంట్లో మాట్లాడుకోం. 2023 డిసెంబర్ 9 నుంచి నాకు ప్రయాణం ఉచితం, అదే రోజు నుంచి మా ఆయన గిరాకీ పడిపోయింది. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని నేను లక్ష్మీపురం మార్కెట్‌కు పోయి వారానికి సరిపడా కూరగాయలు తెస్తాను. వచ్చేటప్పుడు సంచులు బరువై ఆటో ఎక్కాలనిపిస్తుంది. మా ఆయన అడ్డాలో ఉంటే ఆయనదే ఎక్కుతాను.

ఆసుపత్రి అప్పు సంగతి వేరే చెప్పాలి. మా ఆయన కాలు విరిగినప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నలభై వేలు అడ్వాన్స్ అడిగారు. భయంలో రాత్రికి రాత్రి తెచ్చి కట్టాను. ఆ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉందని, ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర అక్కడే కింది అంతస్తులో కూర్చుంటాడని మూడో రోజు పక్క బెడ్డు ఆమె చెప్పింది. ఇప్పుడు ఆ పథకంలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు ఉంది. అడ్వాన్స్ కట్టకముందే "ఆరోగ్యశ్రీ ఉందా, మిత్ర ఎక్కడ" అని అడగండి.

ఏడాదికోసారి వచ్చేవి

జూన్‌లో బడి, దసరా బట్టలు, సంక్రాంతికి సకినాల నూనె. ఇవి చెప్పకుండా వచ్చేవి కావు, అయినా ప్రతిసారీ అప్పు చేసేవాళ్లం. రెండేళ్లకోసారి మేడారం జాతర, మొక్కుకు అందరి బరువు తూగే బెల్లం. కాగితం మీద వేస్తే మాకు ఏడాదికి 12,000 అయింది. నెలకు వెయ్యి పండుగ కవర్లో. మొదటి ఏడాది ఆరు వందలకు మించి వెయ్యలేకపోయాను, దసరాకు నాకు చీర కొనుక్కోలేదు. కారం మాత్రం సీజన్‌లోనే. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి ఎక్కువ వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో నలుగురం కలిసి కొని పట్టించుకుంటే ఏడాదంతా ప్యాకెట్ ముట్టే పనిలేదు.

కట్టలేని నెల వస్తే

దాక్కోవద్దు. తారీఖుకు ముందే పోయి ఎంత కట్టగలరో చెప్పండి. గ్రూపు లోన్లకు 2022 నుంచి రిజర్వు బ్యాంకు నియమాలున్నాయి. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, చుట్టాలను వేధించకూడదు. ఆలస్య రుసుము కట్టని కిస్తీ మీదే, మొత్తం లోను మీద కాదు. ముందుగా తీరిస్తే జరిమానా లేదు. ఇంటి కిస్తీలన్నీ కలిపి ఆదాయంలో సగం దాటకూడదన్న నియమం కూడా ఉంది. మాది దాటింది, ఎందుకంటే ఫారం నింపేటప్పుడు గిరిగిరి, చేబదులు సంగతి నేనే దాచాను.

ఈ నియమాలు తప్పితే ముందు లోను ఇచ్చిన కంపెనీకే కాగితం మీద ఫిర్యాదు రాసి, ఒక కాపీ మీద సంతకం, తారీఖు వేయించుకోండి. నెలలో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇట్లాంటి ఫిర్యాదులు వినే అధికారికి పెట్టొచ్చు, 14448కు చేస్తే ఎట్లా పెట్టాలో చెప్తారు. ఫోన్ యాప్‌లో లోను తీసుకుని, ఫొటోలు పెడతామని బెదిరిస్తుంటే సైబర్ నేరాల నంబరు 1930కు ఫోన్ చేయండి. కోర్టు నోటీసు వస్తే వకీలు ఫీజుకు భయపడొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది, ఫోన్ 15100. హన్మకొండలో అదాలత్ దగ్గరి కోర్టుకు పోయి అడిగినా చెప్తారు. పోయేటప్పుడు లోను కార్డు, కట్టిన రశీదులు, మీరు గీసిన ఆ నాలుగు గీతల కాగితం పట్టుకుపోండి.