బోర్డు మార్చాక లైనక్స్ బూట్ కావట్లేదా? సమస్య - పరిష్కారం

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో వేబ్రిడ్జి కంప్యూటర్ అంటే ఊక దుమ్ము తినీ తినీ ఎప్పుడో ఒకప్పుడు మదర్‌బోర్డు పోయేదే. కొత్త బోర్డుకు పాత డిస్కే తగిలిస్తే లైనక్స్ నల్ల తెర మీద ఆగిపోతుంది: ఫలానా యూయూఐడీ (పార్టిషన్‌కుండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) లేదంటుంది, కింద ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (అసలు డిస్క్ దొరికేదాకా బూట్ నడిపే చిన్న తాత్కాలిక వ్యవస్థ) ప్రాంప్ట్. "డిస్క్ పోయిందన్నా, లెక్కలన్నీ పోయినట్టే" అని గుమాస్తాకు టెన్షన్. చాలాసార్లు డిస్క్‌కు ఏమీ కాదు. ఫార్మాట్ జోలికి పోవద్దు.

డెవ్ ఫోల్డర్‌లో కనిపించే ఎస్‌డీఏ లాంటి నోడ్‌లు (పరికరాలను తెరిచే పేర్లు) డిస్క్ మీద దాచిన ఫైళ్లు కావు. 2009లో వచ్చిన 2.6.32 కెర్నల్ (లైనక్స్ మూల భాగం) నుంచి డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ ఉంది, అంటే ఈ నోడ్‌లను మెమరీలో పెట్టే ఏర్పాటు. డ్రైవర్ పరికరాన్ని పట్టుకోగానే కెర్నలే నోడ్ పెడుతుంది, యూయూఐడీ లింకులు యూడెవ్ అనే ప్రోగ్రామ్ కడుతుంది. డ్రైవర్ లేదా, నోడూ లేదు. మెక్‌నోడ్ కమాండ్‌తో నోడ్‌ను చేత్తో పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పెట్టినా, తెరవబోతే అలాంటి పరికరమే లేదంటుంది.

ప్రాంప్ట్ దగ్గర ముందు ప్రాక్ ఫోల్డర్‌లోని పార్టిషన్స్ ఫైల్‌ను క్యాట్ కమాండ్‌తో చూడండి.

డిస్క్ అందులో ఉంటే ఎగ్జిట్ కొట్టండి. బూట్ అయిందంటే డిస్క్ ఆలస్యంగా లేచినట్టు; గ్రబ్ (బూట్ మెనూ ప్రోగ్రామ్)లోని కెర్నల్ లైన్‌లో రూట్‌డిలే=10 చేర్చండి. కాకపోతే బీఎల్‌కేఐడీ కమాండ్ చూపే యూయూఐడీని, ప్రాక్ సీఎండీలైన్‌ (బూట్‌లో కెర్నల్‌కు అందిన లైన్)లోని దానితో పోల్చండి. అక్కడ యూయూఐడీ బదులు ఎస్‌డీఏ1 అని రాసి ఉంటే దొంగ దొరికినట్టే: కొత్త బోర్డులో అది ఎస్‌డీబీ1 అయి ఉంటుంది.

డిస్క్ అసలే లేకపోతే కేబుల్, బయోస్‌లో సాటా మోడ్ చూడండి. అవి బాగుంటే, పాత బోర్డుకు సరిపడా డ్రైవర్లతోనే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కట్టి ఉంటుంది. ఫెడోరా అయితే గ్రబ్ మెనూలోని రెస్క్యూ ఎంట్రీతో లేపి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కట్టే డ్రాకట్‌ను నో-హోస్ట్ఓన్లీ (ఈ ఒక్క మెషీన్‌కే కాకుండా) ఆప్షన్‌తో నడపండి. డెబియన్, ఉబుంటు అయితే లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి, రూట్‌ను, బూట్ వేరే పార్టిషన్ అయితే దాన్ని కూడా మౌంట్ చేయండి. డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లు మూడింటినీ ఆ రూట్ లోపలికి బైండ్ చేసి (అక్కడా కనిపించేలా చేసి) క్రూట్ కండి, అంటే పాత డిస్క్‌లోని సిస్టమ్‌లోకి వెళ్లండి. డెవ్ బైండ్ మరిచిపోతే లోపల నోడ్‌లుండవు, అదో కొత్త తలనొప్పి. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కాన్ఫ్ ఫైల్‌లో మాడ్యూల్స్ విలువ డెప్ (ఈ మెషీన్‌కు కావలసిన డ్రైవర్లే) అని ఉంటే మోస్ట్ (చాలావరకు అన్ని డ్రైవర్లు) చేసి, అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ నడపండి.

లేచాక కాటా రీడింగ్ రాకపోతే కంగారొద్దు. యూఎస్‌బీ సీరియల్ కేబుల్ టీటీవైయూఎస్‌బీ0 బదులు 1గా వచ్చి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరు తీసేసి, డెవ్ సీరియల్ బై-ఐడీలోని లింక్ ఇవ్వండి.