సమాచార హక్కు నేర్చుకుందాం – 4వ పాఠం: రవాణా శాఖను ఏం అడగాలి, ఎలా అడగాలి

ముందు గత పాఠం అభ్యాసం సరిచూసుకుందాం. నాలుగు ఫిర్యాదులిచ్చి, దరఖాస్తు ఏ ఆఫీసుకు వెళ్లాలో రాయమన్నాం. ఊరికి వచ్చే పల్లెవెలుగు బస్సు మానేశారన్నది ఆర్టీసీ డిపో వ్యవహారం, ఆర్టీఏకి (ప్రాంతీయ రవాణా ఆఫీసుకు) సంబంధం లేదు. హెల్మెట్ చలానా రెండుసార్లు పడిందన్నది ట్రాఫిక్ పోలీసులది. జాతీయ రహదారి మీద టోల్ గేటు కేంద్రం కిందికి వస్తుంది. లైసెన్సు కార్డు రాలేదన్న ఒక్కటే రవాణా శాఖకు వెళ్లాలి. తప్పు రాసినవాళ్లు కంగారు పడక్కర్లేదు. వేరే ఆఫీసుకు వెళ్లిన దరఖాస్తును 5 రోజుల్లోగా సరైన చోటికి పంపాలని సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ చెబుతోంది. అయితే ఆచరణలో ఆ బదిలీకే వారాలు పట్టొచ్చు కాబట్టి మొదటే సరైన తలుపు తట్టడం మేలు.

ఇక ఈ పాఠం. దరఖాస్తులో అసలు ఏం రాయాలి?

సాధారణంగా రాసే దరఖాస్తు ఇలా ఉంటుంది:

"అయ్యా, నేను పాత బైకు కొని పేరు మార్పిడికి దరఖాస్తు చేసుకుని నాలుగు నెలలైంది. ఇంతవరకు ఆర్సీ రాలేదు. ఎందుకు ఆలస్యం చేస్తున్నారు? దీనికి బాధ్యులెవరు? ఏజెంట్ల ద్వారా వెళ్లినవాళ్లకి వారంలో ఎలా వస్తోంది? ఇది న్యాయమేనా? వెంటనే తగిన చర్య తీసుకోగలరు."

ఇందులో కోపం న్యాయమైనదే. కానీ ప్రజా సమాచార అధికారి (ఆఫీసులో ఈ దరఖాస్తులకు జవాబిచ్చే అధికారి) దీనికి ఒక్క వాక్యంలో జవాబిచ్చి చేతులు దులుపుకోగలడు: "మీరు కోరినది సమాచారం నిర్వచనం కిందికి రాదు." చట్టం ప్రకారం అతను పూర్తిగా తప్పు కూడా కాదు. 2(ఎఫ్) సెక్షన్‌లో సమాచారం అంటే రికార్డులు, పత్రాలు, మెమోలు, ఈ-మెయిళ్లు, ఉత్తర్వులు, లాగ్‌బుక్కులు, కాంట్రాక్టులు, నివేదికలు, నమూనాలు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న డేటా వగైరా. ఏదో ఒక రూపంలో ఆఫీసు దగ్గర ఇప్పటికే ఉన్నదన్నమాట. ఒక న్యాయాధికారి తీర్పు అలా ఎందుకు ఇచ్చారో చెప్పమంటూ ఆంధ్రప్రదేశ్‌లో వేసిన దరఖాస్తు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రికార్డులో లేని కారణాలను ఈ చట్టం కింద అడగలేరని 2010లో కోర్టు తేల్చింది. లేని సమాచారాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వాల్సిన పని అధికారికి లేదని 2011లో సీబీఎస్ఈ కేసులో మళ్లీ చెప్పింది.

అందుకని మన పని, కడుపులో ఉన్న ప్రతి "ఎందుకు"కీ ఆఫీసులో ఏ కాగితం జవాబు చెబుతుందో కనిపెట్టడం. ఇది ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన అసలు నైపుణ్యం. సెక్షన్లు బట్టీ పట్టినవాళ్లకంటే ఆఫీసులో పని ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లే మంచి దరఖాస్తులు రాస్తారు.

పేరు మార్పిడి ఫైలు ఎలా నడుస్తుందో ఊహించండి. 29, 30 ఫారాలు ఆన్‌లైన్‌లో వెళ్తాయి, ఫీజు కడతారు, దరఖాస్తు నంబరు పుడుతుంది. ఒక గుమాస్తా లాగిన్‌లోకి వస్తుంది. పత్రాలు చూసి పై అధికారికి పంపుతాడు, లేదా అభ్యంతరం రాసి వెనక్కి తిప్పుతాడు. ఆమోదం అయ్యాక కార్డు ముద్రణకు వెళ్లి, తపాలాలో బయల్దేరుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఒక తేదీ, ఒక ఉద్యోగి గుర్తు పడుతుంది. కంప్యూటర్లు వచ్చాక మన అదృష్టం ఏమిటంటే, ఫైలు ఎవరి దగ్గర ఎన్నాళ్లు నిద్రపోయిందో సిస్టమ్‌లో ఉండిపోతుంది. రిజిస్టరులో పేజీ చింపినంత తేలికగా దాన్ని మాయం చేయలేరు.

ఇప్పుడు అదే దరఖాస్తును తిరగరాద్దాం.

1. దరఖాస్తు నం. ........ అందిన రోజు నుంచి నేటి వరకు దానిపై తీసుకున్న చర్యలు తేదీలవారీగా. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ ఉద్యోగి లేదా అధికారి వద్ద ఉందో వారి పేరు, హోదాతో చూపే రికార్డు ప్రతి.
2. ఆ దరఖాస్తుపై రాసిన నోట్‌ఫైలు, అభ్యంతరం ఏదైనా పెట్టి ఉంటే దాని ప్రతి.
3. పేరు మార్పిడి ఎన్ని రోజుల్లో పూర్తిచేయాలో తెలిపే ఉత్తర్వు, సర్క్యులర్ లేదా పౌరసేవల పత్రం ప్రతి.
4. అదే నెలలో మీ కార్యాలయానికి అందిన పేరు మార్పిడి దరఖాస్తులు ఒక్కొక్కటి అందిన తేదీ, ఆమోదం పొందిన తేదీ. యజమానుల పేర్లు, చిరునామాలు అక్కర్లేదు.
5. ఆర్సీ కార్డు పంపి ఉంటే, పంపిన తేదీ, స్పీడ్ పోస్ట్ నంబరు.

"ఎందుకు ఆలస్యం" అన్నది ఒకటి, రెండు అంశాల్లోకి వెళ్లింది. "బాధ్యులెవరు" అన్న మాట అధికారి నోటితో చెప్పించాల్సిన పని లేదు, ఒకటో అంశంలో వచ్చే పేర్లూ తేదీలూ చెబుతాయి. ఏజెంట్ల సంగతి నాలుగోదిగా మారింది. మీ ఫైలు నాలుగు నెలలు కూర్చుని, మీ తర్వాత వచ్చినవి వారంలో దాటిపోయి ఉంటే ఆ జాబితాలోనే కనబడుతుంది. దాన్ని ఏజెంట్ల పని అని వాదించడం తర్వాతి సంగతి, ముందు జాబితా చేతికి రావాలి. "న్యాయమేనా" కొట్టేశాం. "చర్య తీసుకోగలరు" అన్నది వేరే అర్జీగా రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. నెల తర్వాత ఆ అర్జీ మీద ఏం చేశారో తెలుసుకోవడానికి మరో దరఖాస్తు వేయొచ్చు. అర్జీనీ సమాచార దరఖాస్తునీ ఒకే కాగితంలో కలపడం వల్ల రెండూ చెడతాయి.

మూడో అంశం మీద ఇంకొంచెం ఆగుదాం, ఎందుకంటే చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆలస్యం అయిందనడానికి ముందు గడువు ఎంతో రుజువు కావాలి కదా. తమ పనులకు పెట్టుకున్న ప్రమాణాలను ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ ఎవరూ అడగకముందే ప్రకటించాలని 4(1)(బి) సెక్షన్ అంటోంది. ఆ సెక్షన్‌లో మొత్తం 17 అంశాలున్నాయి. ఉద్యోగుల జీతాలు, నిర్ణయాలు తీసుకునే పద్ధతి, బడ్జెట్ కేటాయింపు అన్నీ అందులోవే. శాఖ వెబ్‌సైట్‌లో ముందు వెతకండి, దొరికితే ఆ అంశం దరఖాస్తులోంచి తీసేయండి. మాట ఇచ్చిన గడువు ఒక కాగితం, నిజంగా పట్టిన రోజులు రెండో కాగితం. ఈ రెండూ పక్కపక్కన పెట్టగలిగితే మీరు వాదించాల్సింది పెద్దగా మిగలదు.

ఇక సొంత పని దాటి ఊరి పని. తెలుగు రాష్ట్రాల్లో విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచేది జూన్ నెల మధ్యలో. ఆ మధ్యలో బస్సులన్నీ ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) ముందు నిలబడి మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మీ పట్టణంలో ఎన్ని తెచ్చుకున్నాయి? "స్కూలు బస్సులు సురక్షితంగా ఉన్నాయా?" అని అడిగితే "ఉన్నాయి" అనే జవాబు వస్తుంది. ఇలా అడగండి: బడులు తెరిచిన రోజు నాటికి మీ కార్యాలయ పరిధిలో నమోదైన విద్యాసంస్థల బస్సుల సంఖ్య, అందులో ఆ రోజుకి ఫిట్‌నెస్ చెల్లుబాటులో ఉన్నవాటి సంఖ్య, లేనివాటి నంబర్లు, జూన్, జూలై నెలల్లో తనిఖీ చేసినవి ఎన్ని, కేసులు రాసినవి ఎన్ని, సీజ్ చేసినవి ఎన్ని, తేదీలవారీగా. జవాబు ఊళ్లో తల్లిదండ్రులు పంచుకోదగ్గదిగా ఉంటుంది, అందుకే అధికారులు కూడా దీన్ని కాస్త జాగ్రత్తగా తయారుచేస్తారు.

పెద్ద ప్రమాదాల తర్వాత జరిగే "స్పెషల్ డ్రైవ్"లకూ ఇదే పద్ధతి. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. పన్నెండేళ్లకు, 2025 అక్టోబర్ 24న, అదే రహదారి మీద కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మరో ప్రైవేటు స్లీపర్ బస్సు కాలిపోయింది. ఇలాంటివి జరిగినప్పుడల్లా టీవీల్లో తనిఖీలు కనిపిస్తాయి. కెమెరాలు వెళ్లిపోయిన ఆరు నెలలకు మీరు అడగాల్సినవి: ఆ డ్రైవ్‌కు ఇచ్చిన ఉత్తర్వు ప్రతి, రాసిన వీసీఆర్‌ల (వాహన తనిఖీ నివేదికల) సంఖ్య తేదీలవారీగా, అత్యవసర ద్వారం లేకపోవడం మీద, సీట్లు మార్చడం మీద, పర్మిట్ ఉల్లంఘన మీద రాసినవి విడివిడిగా, ఆ తర్వాత ప్రతి నెలా రాసినవి ఎన్ని. ప్రమాదం జరిగిన నెల అంకెకూ మామూలు నెల అంకెకూ తేడా చూడండి. ఈ పాఠంలో చెప్పినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన దరఖాస్తు ఇదే, ఎందుకంటే దీనికి ఎవరి మీదా ఆరోపణ చేయక్కర్లేదు.

డ్రైవింగ్ టెస్టు గురించి చాలామందికి అనుమానాలుంటాయి. అక్కడ లంచం ఉందా అని అడిగి లాభం లేదు. రోజువారీగా ఎన్ని స్లాట్లు, ఎంతమంది హాజరు, ఎంతమంది పాస్, ఎంతమంది ఫెయిల్, పరీక్ష పెట్టిన అధికారి ఎవరు అని ఒక నెలకు అడగండి. దాంతోపాటు ఆ నెలలో ఆ అధికారి వాడిన ప్రభుత్వ వాహనం లాగ్‌బుక్ ప్రతి కూడా. బండి యాభై కిలోమీటర్ల దూరంలో తనిఖీలో ఉన్న పూట ఇక్కడ ట్రాక్ మీద పరీక్షలు జరిగినట్లు రాసి ఉంటే అప్పుడు అడగడానికి మీకు నిజమైన ప్రశ్న ఉంటుంది. లాగ్‌బుక్ ఇవ్వం అంటారేమో. ఆ మాట చట్టం నిర్వచనంలోనే ఉందని పైన చూశాం.

ఎక్కువగా ఎదురయ్యే అడ్డంకులు రెండు.

ఒకటి, వ్యక్తిగత సమాచారం. దాన్ని ఇవ్వనక్కర్లేదనే 8(1)(జె) సెక్షన్ ఇప్పుడు మునుపటికంటే బిగుసుకుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దాన్ని మార్చింది, ఆ మార్పు 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. ప్రజా ప్రయోజనం ముఖ్యమైనప్పుడు ఇవ్వొచ్చనే 8(2) సెక్షన్ మాత్రం మిగిలే ఉంది. అయినా గొడవ కొనితెచ్చుకోవడం ఎందుకు? వాహన యజమాని పేరు, ఫోన్ నంబరు మీకు నిజంగా అవసరమా? మనం నాలుగో అంశంలో "పేర్లు అక్కర్లేదు" అని ముందే రాసింది అందుకే. ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వాలని 10వ సెక్షన్ ఉంది, దాన్ని దరఖాస్తులోనే గుర్తుచేయండి.

రెండోది పరిమాణం. "గత పదేళ్లలో రాసిన అన్ని వీసీఆర్‌ల ప్రతులు" అంటే ఏ ఆఫీసూ ఇవ్వలేదు, ఇచ్చినా మీరు చదవలేరు. ఒక కార్యాలయం, ఒకటి రెండు నెలలు చాలు. నిజంగా ఎక్కువ కాగితాలు చూడాలనిపిస్తే ప్రతులు అడగకుండా రికార్డుల తనిఖీ అడగండి. మీరే వెళ్లి కూర్చుని చూసి, కావలసిన పేజీలకే జిరాక్స్ తీసుకోవచ్చు. మన దగ్గర మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి 15 నిమిషాలకు 5 రూపాయలు. ఈ హక్కు ఉందని చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా మొహమాటపడి వాడరు.

ఫీజు సంగతి రెండు ముక్కల్లో: జిల్లా స్థాయి రవాణా కార్యాలయానికి 10 రూపాయలు, కోర్టు ఫీ స్టాంపు అంటిస్తే సరిపోతుంది. ప్రతులకు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు ఫీజు లేదు, రుజువు జతచేయాలి. తెలుగులో రాయొచ్చు. ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు, కౌంటర్ దగ్గర అడిగినా సరే. స్పీడ్ పోస్టు రసీదో, ఆఫీసు ముద్ర వేసిన నకలో దాచుకోండి. జవాబు రావాల్సిన 30 రోజుల లెక్కకు అదే ఆధారం.

ఈ పాఠం అభ్యాసం. కింది మూడు వాక్యాలను కాగితం అడిగే అంశాలుగా మార్చండి. ఒక్కోదానికి కనీసం రెండు అంశాలు రాయాలి, వాటిలో ఒకటి తప్పకుండా గడువుకో నియమానికో సంబంధించినది కావాలి.

"మా ఆటోకి ఫిట్‌నెస్ ఇవ్వకుండా మూడుసార్లు తిప్పారు, కారణం చెప్పడం లేదు."

"ఇసుక లారీలు ఓవర్‌లోడ్‌తో పోతుంటే ఆర్టీఏ వాళ్లు చూసీ చూడనట్టు ఎందుకు ఉంటున్నారు?"

"లైఫ్ ట్యాక్స్ ఎక్కువ కట్టించుకున్నారు, తిరిగి ఇవ్వమంటే ఫైలు కనిపించడం లేదంటున్నారు."

మూడోది కొంచెం కష్టం. ఫైలు కనిపించడం లేదన్న మాట నోటితో చెప్పడం వేరు, రాతలో ఇవ్వడం వేరు. ఆ తేడాను దరఖాస్తులో ఎలా వాడుకోవాలో ఆలోచించండి. 30 రోజులు దాటినా జవాబు రాకపోతే మొదటి అప్పీలు ఎలా రాయాలో, వచ్చిన జవాబులో "వర్తించదు" అన్న మాటను ఎలా చదవాలో 5వ పాఠంలో.